నేలపట్టులో గూళ్ల కాలంలో జనానికి పరిమితి పెట్టాలా?

కాళంగి గట్టు:
2022లో జిల్లాలు విడిపోయాక నేలపట్టు పక్షుల అభయారణ్యం మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. సంక్రాంతి సెలవులొస్తే తిరుపతి, నెల్లూరు, చెన్నై కార్లన్నీ దొరవారిసత్రం దారి పడతాయి. సరిగ్గా అప్పుడే చెరువులో గూడబాతులు, అదే పెలికాన్లు, పిల్లలను సాకుతుంటాయి. గూళ్ల కాలంలో రోజుకు ఇంతమందినే లోపలికి పంపాలని నేనంటాను. మీరేమంటారు?

సత్రం కుర్రోడు:
నేను ఒప్పుకోను అన్నా. గూళ్లుండేది నీళ్లలో నిలిచిన చెట్ల మీద, జనం ఉండేది గట్టు మీద. మధ్యలో నీళ్లే కాపలా. 1976లో అభయారణ్యం అయింది గానీ, అంతకుముందు నుంచే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఈ పక్షులను కాపాడుకున్నారు. పక్షులొస్తే వానలు, పంటలు బాగుంటాయని పెద్దల నమ్మకం. రెట్ట కలిసిన నీళ్లు పొలానికి ఎరువు. జనం వస్తేనే టీ కొట్టుకు, ఆటోకు నాలుగు డబ్బులు. దానికీ అడ్డు పెడితే ఎట్లా?

సూళ్లూరుపేట టీచర్:
జనం రావాలనే నేనూ అంటాను తమ్ముడూ. కానీ పులికాట్ సరస్సును, నేలపట్టును ఒకే లెక్కన చూడకూడదు. పులికాట్‌కు రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, మేతకు వస్తాయి. మన దేశంలో అవి గూళ్లు కట్టేది ప్రధానంగా గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. శ్రీహరికోట రోడ్డు మీద కార్లు ఆగితే కాస్త దూరం జరిగి మేస్తాయి. నేలపట్టులో పిల్ల ఎక్కడికి జరుగుతుంది? గుడ్డులోంచి వచ్చినప్పుడు దాని ఒంటి మీద ఈక కూడా ఉండదు. తల్లో తండ్రో నీడ పట్టాలి. ఆ పెద్ద పక్షి బెదిరి లేచిందంటే ఎండ నేరుగా పిల్ల మీదే. పక్క గూట్లో గుడ్డుంటే కాకి ఎత్తుకుపోతుంది. నీళ్లు మనిషిని ఆపుతాయి గానీ హారన్‌ను, స్పీకర్ పాటను, డ్రోన్‌ను ఆపలేవు. మన దగ్గరికొచ్చే ఈ చుక్కల ముక్కు గూడబాతు (స్పాట్-బిల్డ్ పెలికాన్) భారత్, శ్రీలంక, కంబోడియా లాంటి కొన్ని దేశాల్లోనే గూళ్లు కడుతుంది. మన చెరువును నమ్ముకుని వచ్చింది. అందుకే తలల లెక్క కన్నా ముందు శబ్దం సంగతి తేల్చండి. బండ్లు దూరంగా ఆపించి గట్టు దాకా నడిపించాలి.

తిరుపతి కెమెరా:
అక్కా, రాజహంసలనూ అంత తేలిగ్గా వదలొద్దు. ఎగిరే ఫోటో కోసం కేకలేసి లేపేవాళ్లున్నారు. లోతు తక్కువ నీళ్లలో ముక్కు తలకిందులుగా పెట్టి, వడకట్టుకుని తినే పక్షి. లేపినప్పుడల్లా మేత పోతుంది, ఒంట్లో సత్తువ పోతుంది. పైగా నేలపట్టు గూడబాతులు చేపలకు వెళ్లేది కూడా పులికాట్‌కే. అక్కడ వాటిని చెదరగొడితే ఇక్కడ గూట్లో పిల్లకు ఆకలి.

సూళ్లూరుపేట టీచర్:
అయితే రోడ్డు దిగి నీళ్ల దగ్గరికి పోకూడదన్న రూలు అక్కడా ఉండాల్సిందే.

సత్రం కుర్రోడు:
హారన్, డ్రోన్ ఆపితే నాకు అభ్యంతరం లేదు. సంఖ్య మీద పరిమితి మాత్రం వద్దు. టికెట్లు ఆన్‌లైన్‌లో పెడితే సిటీవాళ్లే ముందు బుక్ చేసుకుంటారు. పక్క ఊరి బడి పిల్లలు గేటు బయట నిలబడాలి.

కాళంగి గట్టు:
బడి పిల్లలకు వారంలో ఒక రోజు విడిగా ఇద్దాం, టికెట్ కూడా వద్దు. పరిమితి మాత్రం కావాలనే అంటాను. గట్టు మీద జనం కిక్కిరిస్తే మెల్లగా మాట్లాడమని ఎవరికి చెప్పగలం?