లండన్–ప్యారిస్: విమానం తొందరా, రైలు తొందరా?

గోదారి_గట్టు: రెండు ఊళ్ల మధ్య నేరుగా కొలిస్తే దాదాపు 344 కి.మీ. టికెట్ మీద విమానానికి గంటా ఇరవై నిమిషాలు, సముద్రం కింది సొరంగంలో వెళ్లే యూరోస్టార్ రైలుకి రెండు గంటల ఇరవై. గంట తేడా కళ్లముందే ఉంది కదా, మరి చాలామంది రైలే తొందరని ఎలా అంటున్నారు?

ఓరుగల్లు_రైలు: ఆ గంటా ఇరవైలో గాల్లో ఉండేది ముప్పావు గంట, మహా అయితే యాభై నిమిషాలు. మిగతాదంతా లండన్ హీత్రూ విమానాశ్రయంలో రన్‌వే దాకా పాకడం, వరసలో ఆగడం, అటు ప్యారిస్ ఛార్లెస్ డి గాల్ (సీడీజీ) విమానాశ్రయంలో దిగి గేటు చేరడం.

లండన్‌లో యూరోస్టార్ ఎక్కే సెంట్ పాంక్రాస్ స్టేషన్ దగ్గర బయలుదేరారనుకోండి. పికడిల్లీ లైన్ మెట్రోలో హీత్రూకి గంట, ముందుగా చేరాల్సింది గంటన్నర, విమానం 80 నిమిషాలు, ఇమ్మిగ్రేషన్, పెట్టెలు కలిపి 40, ఆర్‌ఈఆర్ బి లోకల్ రైలులో యూరోస్టార్ ఆగే ప్యారిస్ స్టేషన్ గార్ దు నోర్‌కి 35. మొత్తం అయిదు గంటలు దాటింది. యూరోస్టార్‌కి 75 నిమిషాల ముందు వెళ్లినా మూడు గంటల ముప్పావులోపే అయిపోతుంది. ఫ్రెంచ్ పాస్‌పోర్టు తనిఖీ లండన్‌లోనే జరుగుతుంది, కాబట్టి ప్యారిస్‌లో దిగి నడుచుకుంటూ బయటికొచ్చేయడమే.

హౌన్స్‌లో_వాసి: లండనంటే సెంట్ పాంక్రాస్ ఒక్కటేనా అండీ? మన తెలుగువాళ్లు చాలామంది ఉండేది పడమటి వైపు. హౌన్స్‌లో నుంచి హీత్రూకి 20 నిమిషాలు, సెంట్ పాంక్రాస్‌కి గంట. మీ అంకెలే వేసి చూడండి: విమానం 4 గంటల 25, రైలు 4 గంటల 35. అంటే సరిసమానమే. డిస్నీల్యాండ్‌కే వెళ్తుంటే సీడీజీ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైలులో పది నిమిషాలు, అక్కడ విమానానిదే పైచేయి. కాకపోతే ఆ టీజీవీలు అస్తమానం ఉండవు, టైము చూసుకుని టికెట్ కొనాలి.

ఓరుగల్లు_రైలు: పడమటి లండన్, డిస్నీ, ఈ రెండూ ఒప్పుకుంటాను. కానీ పెట్టెల సంగతి? యూరోస్టార్‌లో మనిషికి 85 సెం.మీ. దాకా రెండు పెట్టెలు, తూకం లేదు, విమానంలోలా ద్రవాలకి 100 మి.లీ. నిబంధనా లేదు. ఆవకాయ సీసా చేతిలోనే పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు మాత్రం రైలైనా విమానమైనా బ్రిటన్ నుంచి ఈయూలోకి తేకూడదు.

గోదారి_గట్టు: సొరంగంలో ఒక్క రైలు మొరాయిస్తే వెనకాలవన్నీ ఆగిపోతాయిగా. విమానం రద్దయితే ఇంకో కంపెనీది దొరుకుతుంది.

హౌన్స్‌లో_వాసి: పొగమంచు పడితే హీత్రూలో ముందు కోత పడేది ఇలాంటి దగ్గరి విమానాలకే. అది లెక్కలో పెట్టుకోండి. ఇంకోటి, ప్యారిస్ గడియారం గంట ముందు. తొమ్మిదింటి రైలు 12:20కి చేరుతుందని చూసి ప్రయాణం మూడు గంటల ఇరవై నిమిషాలు అనుకునేవాళ్లున్నారు. తిరుగు టికెట్‌లో గంటా ఇరవైయే అనిపిస్తుంది!

పలనాటి_పక్షి: హైదరాబాద్ నుంచి హీత్రూ మీదుగా ప్యారిస్ వెళ్లేవాళ్లు మధ్యలో రైలు జోలికి పోకండి. బయటికొచ్చి సెంట్ పాంక్రాస్ వెళ్లాలంటే బ్రిటన్‌లోకి అడుగుపెట్టనిచ్చే వీసా ఉండాలి. లోపలే విమానం మారినా, మినహాయింపు లేని భారత పాస్‌పోర్టుకి ట్రాన్సిట్ వీసా కావాలి. ప్యారిస్ నుంచి లండన్ చూసి మళ్లీ ప్యారిస్ రావాలనుకుంటే ఫ్రాన్స్‌కి చెల్లే షెంజెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీదై (పలుసార్లు లోపలికి రానిచ్చేదై) ఉండాలి; సింగిల్ ఎంట్రీతో వెళ్తే తిరుగు రైలు గేటు దగ్గరే ఆపేస్తారు.