ఇంగ్లండు బడిలో లర్నింగ్ సపోర్టు తీసుకుంటే పై గణితానికి దారి మూసుకుపోతుందా?

ప్రశ్న, లెస్టర్ నుంచి:

సభ్యులందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఈ జనవరిలో లెస్టర్‌కు వచ్చాము. 14 ఏళ్లు నిండిన మా అబ్బాయిని ఇక్కడ ఇయర్ టెన్‌లో చేర్చుకున్నారు. మొన్నటి దాకా ఒడియా మాధ్యమంలో చదివాడు, ఇంట్లో తెలుగు. లెక్కలంటే ప్రాణం. చదవడం మాత్రం చిన్నప్పటి నుంచీ నిదానమే, పదాలు దాటేస్తూ చదువుతాడు. ఇక్కడ లెక్కల్లో కింది సెట్‌లో (స్థాయిని బట్టి పిల్లల్ని విడదీసిన గుంపు) వేశారు, చదువులో ఇబ్బంది ఉన్నవారికి అదనపు సాయం చేసే లర్నింగ్ సపోర్టుకు కూడా పంపుతామంటున్నారు. ఒప్పుకుంటే పై లెక్కలు అందవేమో, కాదంటే ఉన్న చదువే వెనకబడుతుందేమో అని తేల్చుకోలేకపోతున్నాము. అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు, బరంపురం నుంచి:

అమ్మా, నేను ఇంగ్లండులో ఒక సెకండరీ పాఠశాల లర్నింగ్ సపోర్టు విభాగంలో 11 ఏళ్లు పనిచేసి వచ్చి, ఇప్పుడు బరంపురంలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. సపోర్టుకు వెంటనే ఒప్పుకోండి. కింది సెట్‌కు మాత్రం ఒప్పుకోకండి. వాళ్లు రెండింటినీ ఒకే మాటలో చెప్పినా అవి వేరువేరు నిర్ణయాలు, వాటిని అడగవలసిన మనుషులు కూడా వేరు.

ముందుగా సెట్ సంగతి. ఇయర్ లెవెన్ చివర రాసే జీసీఎస్ఈ పరీక్షలో గణితానికి ఫౌండేషన్, హయ్యర్ అని రెండు టియర్లు, అంటే స్థాయిలున్నాయి. ఫౌండేషన్ రాసిన పిల్లవాడు మూడు పేపర్లలో ఉన్న 240 మార్కులూ తెచ్చుకున్నా గ్రేడు 5 దాటదు, 9 వరకు వెళ్లాలంటే హయ్యర్ రాయవలసిందే. ఆ తర్వాత మన ఇంటర్ లాంటి ఏ-లెవెల్‌లో గణితానికే చాలాచోట్ల 6 గానీ 7 గానీ అడుగుతారు. సంకీర్ణ సంఖ్యలు, మాత్రికలు, హైపర్బోలిక్ ప్రమేయాలు ఉండే ఫర్దర్ మ్యాథ్స్‌కు అంతకన్నా గట్టి గ్రేడు కావాలంటారు. టియర్ ఖరారయ్యేది ఇయర్ లెవెన్‌లో పరీక్షకు పేర్లు పంపేటప్పుడే కాబట్టి ఇంకా సమయముందని బడివారు చెబుతారు, అది నిజమే. అయితే కరణులు, వృత్త సిద్ధాంతాలు, వర్గ సమీకరణ సూత్రం హయ్యర్‌లోనే వస్తాయి. వాటిని ఏడాదిపాటు వినకుండా కూర్చున్న పిల్లవాణ్ణి చివరి నెలల్లో పైకి మార్చినా అందుకోలేడు. అందుకే గణిత విభాగాధిపతికి ఈ వారమే ఉత్తరం రాసి, మాటలు తక్కువగా ఉండే పాత హయ్యర్ ప్రశ్నలతో ఒకసారి పరీక్షించమని కోరండి.

ఇక సపోర్టు విషయం. ఇంట్లో మాట్లాడే భాష వేరన్న ఒక్క కారణంతో పిల్లవాడికి అభ్యాస ఇబ్బంది ఉందనరాదని ఇంగ్లండులోని 2014 నాటి పిల్లలు, కుటుంబాల చట్టం స్పష్టంగా చెబుతోంది. (సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని మీ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు ఎంత పాటుపడ్డారో తలచుకున్నప్పుడల్లా ఈ నిబంధన నాకు మన ఊరి మాటలాగే వినిపిస్తుంది.) కానీ మీ అబ్బాయి చిన్నప్పటి నుంచీ నిదానంగానే చదివేవాడని మీరే రాశారు. కాబట్టి దీన్ని ఇంగ్లీషు కొత్త కావడం మీదకే నెట్టేయడం సరికాదు. ప్రతి సాధారణ పాఠశాలలోనూ పిల్లల ప్రత్యేక విద్యా అవసరాలు చూసే సెన్‌కో అనే బాధ్యురాలో బాధ్యుడో తప్పక ఉంటారు. వారిని కలిసి, తెలుగులోనూ ఒడియాలోనూ చదవడం ఎలా ఉండేదో చెప్పి, డిస్లెక్సియా (చదవడం, రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బంది) ఉందేమో చూడమని అడగండి. అవసరమని తేలితే పరీక్షల్లో 25 శాతం అదనపు సమయం కోరవచ్చు. అయితే అది తరగతిలో అతనికి అలవాటైన పద్ధతిగా ముందునుంచీ నమోదై ఉండాలి, పరీక్షల ముందు అడిగితే కుదరదు. డిస్లెక్సియా ఉన్న పిల్లలు ఫర్దర్ మ్యాథ్స్ చదవడం నేను కళ్లారా చూశాను.

ఇంకొక్క సంగతి. రాయగడ వైపు నుంచి ఇంగ్లండులో మా బడికి వచ్చిన ఒక అమ్మాయి నోట్సు చూస్తే, జవాబులు సరైనవే అయినా మధ్య వరుసల్లో తప్పని గీసి ఉంది. ఆ పిల్ల రఫ్‌లో 4 ను ఒడియా అంకెలో రాసేది. పై భాగం తెరిచి ఉన్న ఆ అంకెను ఉపాధ్యాయుడు 8 అనుకున్నాడు. అంకెలు మార్చుకోవడానికి ఆ పిల్లకు పది రోజులు కూడా పట్టలేదు, కానీ అంతవరకు ఆమెకు లెక్కలు రావనే నమ్మారు. మీ వాడి నోట్సు కూడా ఒకసారి తిరగేయండి. నోటితోనే లెక్క కట్టేసి జవాబు మాత్రం రాసే అలవాటుంటే మాన్పించండి, అక్కడ పద్ధతికి విడిగా మార్కులుంటాయి. ‘హెన్స్’ అని ఉంటే పైన తేలిన ఫలితాన్నే వాడాలనీ, ‘ఎగ్జాక్ట్’ అని ఉంటే దశాంశాల్లోకి మార్చకుండా కరణినో π నో అలాగే ఉంచాలనీ నేర్పండి. ఇలాంటి ఇరవై మాటలకు తెలుగు అర్థాలు రాసి గోడకు అంటిస్తే సగం భయం పోతుంది.

జవాబు, గుణుపురం నుంచి:

అన్నగారి మాటకు నాదొక చేర్పు. గణిత పోటీలు నడిపే యూకేఎంటీ వారి ఇంటర్మీడియట్ మ్యాథమెటికల్ ఛాలెంజ్ రాయిస్తారేమో బడిలో అడగండి. గంటలో 25 ప్రశ్నలు, ఎంచుకుని గుర్తు పెట్టడమే, వ్యాసాలుండవు. మా అన్నయ్య కూతురికి అందులో వచ్చిన సర్టిఫికెట్ చూశాకే పై సెట్‌లోకి తీసుకున్నారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారి ఎన్‌రిచ్ వెబ్‌సైటులో లెక్కలు ఉచితంగా దొరుకుతాయి.

లెస్టర్ నుంచి:

అన్నయ్యగారూ, మీరు రాసింది మా వారికి చదివి వినిపించాను. నోట్సు తీసి చూస్తే 4 అలాగే ఉంది. సెన్‌కో గారు గురువారం రమ్మన్నారు. మా ఇంగ్లీషు అంతంత మాత్రమే, ఏమి తీసుకువెళ్లాలి?

బరంపురం నుంచి:

దుబాసీ కావాలని ఇవాళే ఈమెయిల్‌లో అడగండి తల్లీ, మొహమాటపడకండి. పర్లాకిమిడి బడి మార్కుల పత్రాలు, ఆ నోట్సు, అతను చదవడంలో ఎక్కడ ఆగుతాడో మీరు తెలుగులో రాసుకున్న కాగితం తీసుకువెళ్లండి. స్థానిక కౌన్సిల్ పరిధిలోని సెండియాస్ సేవ ప్రత్యేక విద్యా అవసరాల విషయంలో తల్లిదండ్రులకు ఉచితంగా సలహా ఇస్తుంది, అక్కడికి ముందే ఫోను చేయండి. అబ్బాయిని కూడా వెంట తీసుకువెళ్లండి. తనకు ఏ లెక్కలంటే ఇష్టమో వాళ్లకు అతని నోటితోనే చెప్పనివ్వండి.