కియేజాని దెబ్బకొట్టింది మోకాలా, అల్లెగ్రి 3-5-2నా?

కాల్చో_పిచ్చి:
ఇటలీ ఫుట్‌బాల్ వింగర్ (అంచున ఆడే అటాకర్) ఫెడెరికో కియేజా మాటెత్తితే చాలు, "మోకాలితో పాటు ఆటా పోయింది" అనేస్తారు. నేనొప్పుకోను. 2022 జనవరి 9న రోమా మ్యాచ్‌లో ఎడమ మోకాలి ఏసీఎల్ (కీలుని పట్టి ఉంచే లిగమెంట్) తెగింది, నవంబరులో మళ్లీ దిగాడు. 2023-24లో ఇటలీ టాప్ లీగ్ సెరీ ఆలో 9 గోల్స్. పిర్లో కోచ్‌గా ఉన్న 2020-21లో యువెంటస్‌కి లీగ్‌లో కొట్టినవి 8. తప్పు తర్వాతి కోచ్ అల్లెగ్రిదే, 3-5-2 (ముగ్గురు డిఫెండర్లు, మధ్యలో అయిదుగురు, ముందు ఇద్దరు) పెట్టి వింగర్‌ని తీసుకెళ్లి వ్లహోవిచ్ పక్కన రెండో స్ట్రైకర్‌ని చేశాడు.

ఏడో_నంబర్:
గోల్స్ లెక్కతో మోకాలు తేలదండీ. ఏ మోకాలో చూడండి. అతనిది కుడికాలి ఆట. ఎడమ అంచు నుంచి లోపలికి కోసేటప్పుడు తోపు ఇచ్చేది ఎడమ కాలు, కుడికాలితో షాట్ కొట్టేటప్పుడు నేలలో ఊనేదీ ఎడమ కాలే. 2021లో ఆడిన యూరో సెమీస్‌లో స్పెయిన్‌పై 60వ నిమిషంలో దూరపు మూలకి తిప్పిన గోల్ సరిగ్గా అదే కదలిక. ఏసీఎల్ తర్వాత తిన్నటి పరుగు ముందే తిరిగొస్తుంది. ఠక్కున ఆగి మలుపు తిరగడమే ఆలస్యం. వింగర్ బతికేది ఆ ఆగడం మీదే కదా.

కాల్చో_పిచ్చి:
అంచున పెడితే కదా ఆగేదీ తిరిగేదీ! ఎడమ గీత మొత్తం వింగ్‌బ్యాక్ (అంచంతా ముందుకీ వెనక్కీ పరిగెత్తేవాడు) కోస్టిచ్‌దే. కియేజాకి మిగిలింది గోల్‌కి వీపు పెట్టి, సెంటర్‌బ్యాక్‌ని మోస్తూ బంతి ఆపడం. ఎదురుగా ఒక్క ఫుల్‌బ్యాక్ (అంచు డిఫెండర్), వాడి వెనక ఖాళీ జాగా, ఇవి రెండూ ఉంటేనే అతను కియేజా.

త్రో_ఇన్:
అన్నా, మరి 2021 సెప్టెంబర్ 29 సంగతేంటి? అప్పుడూ కోచ్ అల్లెగ్రియే. స్ట్రైకర్లు డిబాలా, మొరాటా లేకపోవడంతో కియేజా, బెర్నార్డెస్కీ ముందు ఆడారు. రెండో సగం మొదలైన 10 సెకన్లకే చెల్సీపై గోల్, 1-0. మోకాలు బాగున్నప్పుడు మధ్యలోనూ పనికొచ్చాడుగా.

కాల్చో_పిచ్చి:
అది చెల్సీ వెనక దొరికిన జాగా తమ్ముడూ. వెనక్కి తగ్గి గోడ కట్టే చిన్న జట్ల మీద వారం వారం ఆ జాగా ఎవడిస్తాడు?

ఏడో_నంబర్:
సరే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ రేటు చూడండి. 2020లో యువెంటస్ ఒప్పుకున్నది రెండేళ్ల లోన్‌కి 3, 7, ఆపై కొనుగోలుకి 40, మొత్తం 50 మిలియన్ యూరోలు. 2024 ఆగస్టులో లివర్‌పూల్ ఇచ్చింది 10 మిలియన్ పౌండ్లు, పైన 2.5 బోనస్. మోకాలు చూసే కదా!

త్రో_ఇన్:
ఒప్పందం ఏడాదే మిగిలింది, పైగా యువెంటస్ కొత్త కోచ్ మొట్టా పక్కన పెట్టేశాడు. అలాంటప్పుడు ఎవరికైనా రేటు పడిపోతుంది. అసలు దెబ్బ వేరే: ప్రీసీజన్ జట్టుతో ఆడకుండానే ఇంగ్లండ్ వెళ్లాడు, అక్కడ కుడివైపు చోటు అప్పటికే సలాది. 2024-25 లీగ్‌లో దొరికినవి 6 మ్యాచ్‌లే. లీగ్ కప్ ఫైనల్లో న్యూకాజిల్‌పై 94వ నిమిషం, 2025 ఆగస్టు 15న బోర్న్‌మత్‌పై 88వ నిమిషం, రెండు గోల్సూ బెంచి మీంచి లేచొచ్చి కొట్టినవే. అలసిపోయిన ఫుల్‌బ్యాక్ ఎదురుంటే ఇప్పటికీ కోస్తాడు.

ఏడో_నంబర్:
20 నిమిషాలు కోస్తాడు. నేనడిగేది 90 గురించి.