ఓటీజీ పిజ్జా మధ్యలో పచ్చిగా ఉంటోంది, ఇంకా అత్తయ్యగారితో ఇటలీ ట్రిప్ కి తిండి సలహాలు కావాలి

సిరి_వైజాగ్:
అందరికీ నమస్తే అండి. రెండు విషయాలు అడగాలి, రెండూ పిజ్జాకి సంబంధించినవే కాబట్టి ఒకే పోస్ట్ లో రాసేస్తున్నా. మా ఇంట్లో చిన్న ఓటీజీ (కరెంటు ఓవెన్) ఉంది, మాక్సిమం 250 డిగ్రీల వరకు వెళ్తుంది. ఆదివారం సాయంత్రం పిజ్జా అంటే మా ఇంట్లో అందరూ వంటింట్లోనే ఉంటారు, పిల్లలు పిండి పిసుకుతారు, మావారు ఉల్లిపాయలు క్యాప్సికం తరుగుతారు, బయట తినేదానికంటే ఇదే ఇష్టం మాకు. కానీ అంచులు బిస్కెట్ లా గట్టిగా వస్తున్నాయి, మధ్యలో మాత్రం సాస్ కింద పిండి తడితడిగా ఉండిపోతోంది, సరే ఇంకో ఐదు నిమిషాలు ఉంచుదాం అంటే పైన చీజ్ మాడుతోంది. మైదా, ఇన్‌స్టంట్ ఈస్ట్, కలిపి గంట ఉంచుతా, అప్పడాల కర్రతో ఒత్తి ట్రేలో పెట్టి 200 లో 20 నిమిషాలు. టమాటా పచ్చిదే మిక్సీ వేసి రాస్తున్నా. ఎక్కడ మార్చాలో చెప్పండి ప్లీజ్.

రెండోది, అక్టోబర్ లో ఇటలీ వెళ్తున్నాం, రోమ్, నేపుల్స్ రెండూ. అత్తయ్యగారు మామయ్యగారు కూడా వస్తున్నారు. అత్తయ్యగారు పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. మామయ్యగారు అన్నీ తింటారు గానీ రోజుకి ఒక్కసారైనా అన్నం పడాలి. రైస్ కుక్కర్, పొడులు, పచ్చళ్ళు మోసుకెళ్ళాలా, లేక అక్కడ దొరికేదాంతో సరిపోతుందా? అంత దూరం వెళ్ళి రోజూ పులిహోర తిని రావడం నాకైతే ఇష్టం లేదు.

ఇనప_పెనం:
సిరి గారు, మీ సమస్య అంతా వేడి దగ్గరే ఉంది, పిండి దగ్గర కొంచెం. నేపుల్స్ లో కట్టెల పొయ్యి 430 డిగ్రీల పైనే ఉంటుంది, అక్కడ పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలిపోతుంది. అంత తక్కువ టైంలో కాలడం వల్లే అంచు పైన మచ్చలు పడి లోపల మెత్తగా ఉంటుంది, పిండిలో నీళ్ళు ఆరిపోయే లోపే బయటకి వచ్చేస్తుంది కదా. మన ఓటీజీలో 200 లో 20 నిమిషాలు పెడితే అంచులు మెల్లమెల్లగా ఎండిపోతాయి, పల్చటి అల్యూమినియం ట్రేలో పెద్దగా వేడి నిలవదు కాబట్టి అడుగు కాలదు, పైనుంచి సాస్ నీళ్ళు దిగుతూనే ఉంటాయి. మీరు చెప్పింది అచ్చంగా అదే.

మందపాటి ఇనప దోశ పెనం ఉందా, ప్లాస్టిక్ గానీ చెక్క గానీ పిడి లేనిది? దాన్ని కింది ర్యాక్ లో పెట్టి, పైన కింద రాడ్లు రెండూ ఆన్ చేసి, 250 లో కనీసం అరగంట, ఇంకా మంచిది 40 నిమిషాలు వేడి చెయ్యండి. లైట్ ఆరిపోయింది కదా అని అప్పుడే పెట్టేయకండి, గాలి వేడెక్కినంత తొందరగా ఇనుము వేడెక్కదు. తర్వాత పిజ్జాని నేరుగా దాని మీదకి జార్చాలి. జార్చడానికి స్పెషల్ గరిటెలేం కొనక్కర్లేదు, స్టీలు పళ్ళెం బోర్లించి దాని మీద బొంబాయి రవ్వ చల్లి పిండి దాని మీద పరిచి, సాస్ రాయగానే ఒకసారి ఊపి చూడండి, కదిలితే సరే, అంటుకుంటే అంచు లేపి ఇంకాస్త రవ్వ వెయ్యండి. రవ్వ మీద పిజ్జా భలే జారుతుంది. సాస్ రాశాక పళ్ళెం మీద ఎక్కువసేపు ఉంచొద్దు, తడికి అతుక్కుపోతుంది. 8 నుంచి 10 నిమిషాల్లో అయిపోతుంది, చివరి రెండు నిమిషాలు దగ్గరే నిలబడండి.

పిండి కొలత చెప్తా: 500 గ్రాముల మైదా, 310 మిల్లీలీటర్ల నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు, ఈస్ట్ రెండు గ్రాములు కూడా దాటొద్దు. మూడు పిజ్జాలు వస్తాయి. కలిపి, ఒక అరగంట వదిలి, మళ్ళీ ఒకసారి పిసికి ఉండలు చేసి మూతున్న డబ్బాల్లో కొంచెం నూనె రాసి ఫ్రిజ్ లో ఒక రోజు పెట్టండి, రెండు రోజులైనా పర్లేదు. చలిలో ఈస్ట్ నెమ్మదిగా పని చేస్తుంది, ఆ టైంలో పిండిలో స్టార్చ్ కొంత చక్కెరగా మారి రుచి, రంగు రెండూ వస్తాయి, ముఖ్యంగా పిండి సాగుతుంది, లాగితే వెనక్కి ముడుచుకోదు. కాల్చే ముందు గంటన్నర బయట పెట్టాలి, మే నెల వైజాగ్ లో అయితే ముప్పావుగంట చాలు. అప్పడాల కర్ర మాత్రం పక్కన పెట్టేయండి, లోపలున్న గాలంతా దాంతో పోతుంది, మీ అంచు బిస్కెట్ అవ్వడానికి సగం కారణం అదే. మధ్యలోంచి వేళ్ళతో ఒత్తుకుంటూ అంచు ఒక అంగుళం వదిలెయ్యండి.

సాస్ సంగతి. నేపుల్స్ వాళ్ళు టమాటా పచ్చిదే నలిపి రాస్తారు, 430 డిగ్రీల్లో ఆ నీళ్ళు ఎగిరిపోతాయి కాబట్టి నడుస్తుంది. మనకి నడవదు. టమాటాలు తురిమి వెల్లుల్లి, నూనె, ఉప్పు వేసి గరిటె జారుగా కాదు, పచ్చడంత దగ్గరగా ఉడికించి పూర్తిగా చల్లారాక రాయండి, ఒక పిజ్జాకి మూడు పెద్ద చెంచాలు, అంతే. చీజ్ స్లైసులు వద్దు, మొజరెల్లా బ్లాక్ తెచ్చి తురుముకోండి. పుట్టగొడుగులు వేస్తే ముందు పొడి పెనం మీద నీళ్ళు పోయేదాకా వేయించండి. పైన కుప్ప పోస్తే ఎన్ని చేసినా మధ్యలో పచ్చిగానే ఉంటుంది, పిల్లలకి ఈ ఒక్కటి నచ్చచెప్పడమే కష్టం.

కూకట్‌పల్లి_వంటిల్లు:
ఓవెన్ లేనివాళ్ళు కూడా చదువుతుంటారు కాబట్టి చెప్తున్నా, మాకు గ్యాస్ పొయ్యే గతి, అయినా మస్తుగా వస్తది. అదే పిండి, కొంచెం పల్చగా చేసి బాగా కాలిన పెనం మీద వేసి పైన బుడగలు వచ్చేదాకా ఉంచి తిప్పేయాలి. తిప్పినాక కాలిన వైపు పైకి వస్తది కదా, దాని మీద సాస్, చీజ్ పెట్టి మంట పూర్తిగా తగ్గించి మూత పెట్టాలి. కాలిన వైపు సాస్ రాస్తం కాబట్టి పిండి పచ్చిగా ఉండే మాటే లేదు. మూతకి పట్టిన చెమట చీజ్ మీద పడకుండా మధ్యలో ఒకసారి మూత తీసి తుడిచేయండి. చీజ్ ఎర్రగా కాదు గానీ మంచిగ సాగుతది. ఇంకోటి, పనీర్ ఎంతసేపు పెట్టినా కరగదు అక్కా, దాన్ని నిమ్మరసంతోనో వెనిగర్ తోనో విరగ్గొడతరు కాబట్టి అది అంతే, ముక్కలుగా వేసుకోండి, చీజ్ కి బదులు అనుకోవద్దు.

నాపోలి_చదువు:
అక్కా నేను నేపుల్స్ లోనే ఎమ్మెస్ చేస్తున్నా, మాది తెనాలి. రెండో ప్రశ్నకి నేను రాస్తా. అత్తయ్యగారికి ఇక్కడ తిండికి లోటుండదు, కొన్ని మాత్రం ముందే తెలిసుండాలి. ఇటలీలో చాలా చీజులు దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ తో విరగ్గొడతారు, పార్మిజానో అయితే తప్పనిసరిగా అదే. ఆవిడకి దానితో పట్టింపు ఉంటే మార్గెరీటా కాకుండా మరినారా చెప్పండి, దాంట్లో చీజే ఉండదు, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె అంతే. చీజ్ లేదు కదా ఏం రుచి అనుకోవద్దు, నాకు ఇక్కడికి వచ్చాక అదే ఎక్కువ నచ్చింది, వేడి నూనెలో వెల్లుల్లి వాసన టమాటాలో కలిసి పక్క టేబుల్ దాకా వస్తుంది. 1870 నుంచి ఉన్న డా మికేలే అనే పిజ్జా హోటల్ కి వెళ్తే అక్కడ ఎప్పట్నుంచో ముఖ్యంగా ఈ రెండే, మరినారా, మార్గెరీటా. బయట టోకెన్ తీసుకుని నిలబడాలి, పెద్దవాళ్ళతో కాబట్టి మధ్యాహ్నం తెరవగానే వెళ్ళిపోండి.

రోమ్ లో మెనూ మీద నాపోలి అని ఉంటే ఇక్కడి పిజ్జా అనుకుని చెప్పేయకండి, దాని మీద ఆంచోవీ చేపలుంటాయి. గుమ్మడి జాతి పువ్వుల్ని మన బజ్జీలాగా వేయిస్తారు, చూస్తే నోరూరుతుంది, దాని లోపల కూడా చాలా చోట్ల చీజ్ తోపాటు ఆంచోవీ పెడతారు, అడగండి. సుప్లీ అని అన్నం ఉండలు ఉంటాయి, వాటిలో మాంసం సాస్ ఉండొచ్చు, అదీ అడగాలి. అత్తయ్యగారికి కళ్ళు మూసుకుని చెప్పదగ్గది ఆలియో ఓలియో, స్పగెట్టిలో వెల్లుల్లి, నూనె, ఎండుమిరపకాయ. మన పోపు వాసనే. పైన చీజ్ వద్దని చెప్పండి.

రోమ్ లో పిజ్జా అల్ తాల్యో షాపులుంటాయి, పొడవాటి ట్రేలో కాల్చింది ఎంత కావాలో చెయ్యి చూపిస్తే కత్తెరతో కత్తిరించి తూకం వేసి ఇస్తారు. నాలుగు రకాలు చిన్న చిన్న ముక్కలు తీసుకుంటే పిల్లలు ఖుషీ, ఆలూ ముక్కలు పరిచి రోజ్‌మేరీ వేసిన రకం మామయ్యగారికి తప్పకుండా పెట్టండి. నేపుల్స్ లో అయితే వీధిలో నిలబడి తినేవాళ్ళకి చిన్న పిజ్జాని నాలుగు మడతలు పెట్టి కాగితంలో ఇస్తారు, నడుచుకుంటూ తినేయొచ్చు, వేడి టమాటా కింద నుంచి కారుతుంది కాబట్టి కొంచెం ముందుకి వంగి తినండి. ఇక్కడి పిజ్జా చేసేవాళ్ళ పనితనాన్ని 2017 లో యునెస్కో గుర్తించింది, కౌంటర్ దగ్గర చోటు దొరికితే మీ పిల్లల్ని అక్కడ నిలబెట్టండి, పిండి సాగదీసేది చూసి మీ ఆదివారానికి బాగా పనికొస్తుంది.

ముఖ్యమైనది ఇంకోటి. కోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా పెట్టుకోకండి, మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్ లోకి బయట దేశాల నుంచి తీసుకురానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. కందిపొడి, కారప్పొడి, ఆవకాయ చెక్ ఇన్ లగేజ్ లో పెట్టుకోవచ్చు. రాత్రి భోజనానికి చాలా హోటళ్ళు ఏడు, ఏడున్నరకి గానీ తెరవవు, మధ్యాహ్నం మూడు తర్వాత వంట ఆపేస్తారు, పెద్దవాళ్ళకి ఆకలేస్తే ఆ టైంలో తాల్యో షాపులే దిక్కు. నేపుల్స్ లో బిల్లులో కోపెర్తో అని మనిషికి ఇంత అని వేస్తారు, అది మోసం కాదు, టేబుల్ కి తీసుకునేది. నీళ్ళకి రోమ్ లో ఖర్చే లేదు, వీధి కుళాయిల్లో చల్లటి నీళ్ళు వస్తుంటాయి, బాటిల్ పట్టుకెళ్ళండి. రెండు ఊళ్ళ మధ్య స్పీడ్ ట్రైన్ గంటా పది నిమిషాలే.

గోదారి_అబ్బాయి:
అన్నీ బాగా చెప్పారు గానీ రైస్ కుక్కర్ విషయంలో నా మాట వేరు. చిన్నది ఒకటి పట్టుకెళ్ళండి. మా నాన్నగారిని సింగపూర్ తీసుకెళ్ళినప్పుడు చూశా, పగలంతా కొత్త కొత్తవి ఎంత ఇష్టంగా తిన్నారో, రాత్రి గదికి వచ్చి రెండు ముద్దలు కందిపొడి అన్నం పడితే అంత హాయిగా పడుకున్నారు. ఆ రెండు ముద్దలు దొరుకుతాయని తెలిస్తేనే పెద్దవాళ్ళు పగలు ధైర్యంగా కొత్తవి రుచి చూస్తారు. అందుకని పగలు ఆ ఊరి తిండి, రాత్రి మన అన్నం. హోటల్ గదిలో వండనివ్వరు, కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, ఆరుగురికి ఖర్చు కూడా కలిసొస్తుంది. బియ్యం అక్కడి సూపర్ మార్కెట్లో దొరుకుతాయి.

ఇంటి పిజ్జా మీద నాదొక మాట. కాలి బయటకి వచ్చాక పైన ఆవకాయ ఊట నూనె ఒక చెంచా చిలకరించండి. ముందే వేసి కాల్చొద్దు, ఆవపిండి చేదెక్కుతుంది. కోడి వేపుడు మిగిలితే సన్నగా చీల్చి, పచ్చి ఉల్లిపాయ, కరివేపాకు నూనెలో ముంచి వెయ్యండి. ఇటలీ వాళ్ళు ఏమంటారో నాకు అనవసరం, మా ఇంట్లో నాలుగు పిజ్జాల్లో ముందు అయిపోయేది అదే.

సిరి_వైజాగ్:
అందరికీ చాలా చాలా థాంక్స్ అండి, తమ్ముడూ నీ రిప్లై మొత్తం అత్తయ్యగారికి చదివి వినిపించా, మరినారా పేరు కాగితం మీద రాసుకున్నారు, రెన్నెట్ సంగతి తెలియక ఇన్నాళ్ళు ఇక్కడ తిన్నదాంట్లో కూడా ఉందా అని అడుగుతున్నారు. కుక్కర్ పెట్టేస్తున్నా, మామయ్యగారు విని నవ్వారు. పిండి ఇప్పుడే కలిపి ఫ్రిజ్ లో పెట్టా. ఇనప_పెనం గారు, మామయ్యగారికి షుగర్ ఉంది, మైదా బదులు గోధుమపిండి వాడొచ్చా?

ఇనప_పెనం:
ఇక్కడ కొనే చీజ్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసుకోమనండి, ఆకుపచ్చ ఉంటే దూడ రెన్నెట్ ఉండదు.

గోధుమపిండి మొత్తం వేస్తే చపాతీలాగా బరువుగా వస్తుంది, పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ ని పొట్టు సాగనివ్వదు. సగం సగంతో మొదలుపెట్టండి, నీళ్ళు ఇంకో 30 మిల్లీలీటర్లు ఎక్కువ పడతాయి, కలిపాక ముప్పావుగంట వదిలేస్తే పొట్టు నాని మెత్తబడుతుంది. ఫ్రిజ్ లో ఒక రోజుకి మించి ఉంచొద్దు, గోధుమపిండి తొందరగా పులుస్తుంది. షుగర్ కి మాత్రం గోధుమపిండి అయినా పెద్ద తేడా ఉంటుందని అనుకోకండి, అదీ పిండే. ఆయన పిజ్జా చిన్నగా, పల్చగా చేసి పైన కూరగాయలు, పనీర్ ముక్కలు వెయ్యండి, పక్కన కీరా, క్యారెట్ పెట్టండి, ఎంత తినొచ్చో డాక్టర్ ని అడగండి. ఆదివారం పెనం వేడెక్కాకే మొదటిది వెయ్యండి, రెండోది వేసే ముందు మళ్ళీ పది నిమిషాలు ఖాళీగా వేడెక్కనివ్వండి, లేకపోతే మొదటిది బాగా వచ్చి రెండోది మళ్ళీ పచ్చిగా వస్తుంది.