ప్రభు బల్లకు ముందు ‘తన్ను తాను పరీక్షించుకోవడం’: అసలు ఏం చూసుకోవాలె?

హన్మకొండ_యూత్:
అందరికీ వందనాలు. నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల (యేసును తలచుకొని రొట్టె, ద్రాక్షరసం తీసుకునుడు), ముందురోజు శనివారం యూత్‌కు సిద్ధపాటు కూటం. 1 కొరింథీ 11:28 చదివి రెండు నిమిషాలు కండ్లు మూసుకొనుడు ఎప్పుడూ ఉన్నదే. ఆ రెండు నిమిషాల్ల ఏం చేయాల్నో ఎవరూ చెప్పరు. మనం చేసిన పనితోని ఎదుటోళ్లకు నష్టమైతే ఎట్ల లెక్కబెట్టాలె, ఎంతవరకు సరిచేయాలె? మా దాంట్ల ఎక్కువమంది ఎనుమాముల మార్కెట్ల పనిచేసేటోళ్ల పిల్లలు. వాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పండి.

కాంటాముల్లు:
28 ఒక్కటే చదువుతే దారి తప్పుతం తమ్ముడూ, 20 నుంచి చదువు. కొరింథు సంఘంల గొడవేంది? ఉన్నోళ్లు ముందుగాల తిని తాగుతున్నరు, లేనోళ్లు ఆకలితోనే ఉంటున్నరు. వాళ్లకు ఈ ఉత్తరం రాసిన పౌలు పరీక్షించుకొమ్మన్నది ఆ ముచ్చట మీద. అందుకే ‘నా మనసు ఎట్లున్నది’ అన్నది తర్వాత, ‘నా వల్ల ఎవరి కడుపు మాడింది’ అన్నది ముందు.

కాగితం మీద నాలుగు గడులు గీయించు: ఏం చేసిన, ఎవరికి తగిలింది, ఎంత, ఏమియ్యాలె. ‘తెలిసీ తెలియక చేసిన పాపాలు’ అని ఎవరన్న రాస్తే మళ్ల రాయమను. అండ్ల మనిషి లేడు, తారీఖు లేదు. ‘అబద్ధమాడిన’ అన్నా చాలదు. ఎవరితోని, అది నమ్మి వాళ్లేం పోగొట్టుకున్నరు?

లెక్క చూడు. కాంటా కాడ న్యాయమైన తరుగు పోను బస్తాకు ఇంకో కిలో కోసిన్రనుకో. 60 బస్తాలకు 60 కిలోలు. మిర్చి క్వింటాలు 15,000 అనుకుంటే 9,000 రూపాయలు. లేవీయకాండం 6:5 సొమ్మంతా ఇచ్చి ఐదో వంతు కలపమంటది, అంటే ఇంకో 1,800. మొత్తం 10,800. సంఘానికి ఇది చట్టం కాదు, కొలత అనుకో. రైతు చనిపోతే సంఖ్యాకాండం 5:8 చూడు: దగ్గరి బంధువుకు ఇయ్యాలె, ఆ బంధువూ లేకుంటేనే యాజకునికి. మనోళ్లు సీదా చందా డబ్బాల ఏసి చేతులు దులుపుకుంటరు.

మట్టెవాడ_చదువరి:
పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగ తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్త అన్నడు గదన్నా?

కాంటాముల్లు:
నిర్గమకాండం 22ల గొర్రెను దొంగిలించి కోసినా అమ్మినా నాలుగు గొర్రెలు. ప్రాణంతోని దొరికితే రెండంతలు. ఐదో వంతు తప్పు ఒప్పుకున్నోడికి. జక్కయ్యను ఎవలూ పట్టుకోలే, అయినా దొంగకు పడే లెక్క తన మీద ఏసుకున్నడు. యూత్ మీద దాన్ని రూల్ చేయకు, అది ఆయన సంతోషం.

ఫాతిమానగర్_కథోలిక:
మా దగ్గర దీన్ని ఆత్మపరిశీలన అంటాం, పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) ముందు చేస్తాం. పాపం క్షమించబడినా నష్టం పూడదు; దొంగిలించింది తిరిగివ్వాలి, చెడిన పేరు నిలబెట్టాలి అని మా సంఘ బోధనల పుస్తకం సత్యోపదేశం 1459వ పేరాలో ఉంది.

రోజూ చేయడానికి లొయోలా పునీత ఇగ్నేషియస్ పద్ధతి బాగా పనికొస్తుంది. ఒక్క తప్పునే ఎంచుకోవాలి. పొద్దున తీర్మానం, మధ్యాహ్న భోజనం తర్వాత ఒకసారి, రాత్రి భోజనం తర్వాత ఒకసారి గంట గంటకూ వెనక్కి చూసుకుని, ఎన్నిసార్లు జారితే అన్ని చుక్కలు గీత మీద పెట్టాలి. రోజు పక్కన రోజు, వారం పక్కన వారం పోల్చాలి. పది తప్పులు ఒకేసారి పట్టుకున్నవాళ్లు మూడో రోజుకే పుస్తకం మూసేస్తారు.

చాడీకి డబ్బు లెక్క కుదరదు. ఎవరెవరికి చెప్పామో వాళ్ల దగ్గరికే తిరిగి వెళ్లి ‘నేనన్నది నిజం కాదు’ అనాలి. చెప్పినదానికంటే ఇది పది రెట్లు కష్టం.

సిద్ధపాటు_అక్క:
తమ్ముడూ, రెండు జాగ్రత్తలు. దాని ముందు 27వ వచనంల ‘అయోగ్యముగా’ అన్నది తినే తీరు గురించి, మనిషి యోగ్యత గురించి కాదు. పగ ఉన్నదని నెలల తరబడి బల్ల మానేసేటోళ్లున్నరు. 28ల పరీక్షించుకొని తినుమనే ఉన్నది. మత్తయి 5:24 గూడ అర్పణ విడిచి పొమ్మని ఊకోదు, సమాధానపడి మళ్ల రమ్మంటది.

పోయినప్పుడు ఒక్కరే పోవాలె, వాట్సాప్‌ల వద్దు. ‘తప్పైంది గానీ నువ్వు గూడ’ అంటే ఆ ‘గానీ’తోనే పని చెడిపోతది. సాక్ష్యాల టైంల పేర్లు తీయొద్దు. కొట్టినోళ్లయితే తిన్నగా ఇంటిమీదికి పోవద్దు. దెబ్బలు తిన్నామె ఒప్పుకుంటేనే, ఆమె నమ్మిన మనిషి ద్వారా. అదేరోజు ‘క్షమించిన’ అనమని అడగొద్దు.

ఇంకోటి, శనివారం రాత్రి కాగితం రాసినోడు ఆదివారం పొద్దుగాలకు 10,800 ఏడ తెస్తడు? ఏ ఊరికి పోయి రైతును వెతుకుతడు? కూటం వారం ముందు పెట్టు.

హన్మకొండ_యూత్:
సరే అక్కా, బల్లకు వారం ముందటి శనివారానికి మారుస్తున్నం. నాలుగు గడుల కాగితాలు నేనే జిరాక్స్ తీపిస్త.