పడికట్టురాయా, తూనికగుండా?

ప్రశ్న: వైకింగుల (పాతకాలపు ఉత్తర ఐరోపా సముద్ర వర్తకులు, దండయాత్రికులు) కాలపు తూనిక సామగ్రి మీద తెలుగులో వివరణ రాస్తున్నాను. స్వీడన్‌లో బిర్కా, ఉత్తర జర్మనీలో హెడెబీ తవ్వకాల్లో బయటపడిన రకం. మడతపెట్టే చిన్న త్రాసు, ఇనుము మీద రాగిమిశ్రమపు తొడుగున్న గుండ్రటి తూకాలు, పలకలు తీర్చిన బుల్లి తూకాలు. వీటిని ‘పడికట్టురాళ్లు’ అనవచ్చా? ‘రాయి కాదు కదా’ అని ఒకరి అభ్యంతరం.

జవాబు: ఆ అభ్యంతరం నిలవదండీ. ఇనుప తూకాన్ని కూడా అంగట్లో ‘కేజీ రాయి’ అనే అంటాం. పడికట్టురాయి చక్కటి మాట. కాకపోతే ‘పడికట్టు పదాలు’ (వాడి వాడి అరిగిన మాటలు) మాత్రమే విన్న పాఠకుడు తడబడతాడు. మొత్తానికి కలిపి తూనికరాళ్లు అనండి, గుండ్రటి వాటిని మాత్రం తూనికగుండ్లు అనండి. ఆకారం తేడా ఇక్కడ ముఖ్యం. గుండుకు పైనా కిందా చదునుగా ఉంటుంది, ఆ చదును మీదే గుర్తులు వేస్తారు. పలకలదానికి 6 చదరాలు, 8 ముక్కోణాలు, మొత్తం 14 ముఖాలు. చుక్కలు చదరాల మీద ఉంటాయి. ఈ రకాలు 9వ శతాబ్దం చివరి భాగంలో వ్యాపించాయి. ఇంగ్లండులోని టోర్క్‌సీలో, వైకింగు సైన్యం 872-73 చలికాలం గడిపిన చోట, దిర్హం అనే అరబ్బు వెండి నాణేల ముక్కలతోపాటు ఇలాంటివి దొరికాయి. నాణెం విలువను ముఖం చూసి కాక వెండి తూచి కట్టేవారు కాబట్టే వాటిని ముక్కలు చేశారు.

ఇంకొకరు: ‘తూకం’, ‘బరువు’ రెండూ కలిపేయకండి, దయచేసి. గుండు లోపలి ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, తొడుగు పగులుతుంది. గాలిలోని ప్రాణవాయువు, తేమ చేరి బరువు పెరుగుతుంది, పెచ్చులూడితే తగ్గుతుంది. రెండూ ఒకే గుండులో జరగవచ్చు. అందుకని ‘ఇప్పటి బరువు’ అని ఒకటి, ‘ఉద్దేశించిన తూకం’ అని ఇంకొకటి రాయాలి. పగుళ్లు లేనివాటినే కొలమానం లెక్కకు తీసుకుంటారు.

ప్రశ్న: మరి త్రాసు భాగాలు?

జవాబు: అడ్డంగా ఉండేది కాడ. ఇందులో మధ్యభాగానికి రెండు వైపులా కీళ్లుంటాయి, చేతులు రెండూ లోపలికి మడిచి గుండ్రటి డబ్బీలో పెట్టేస్తారు. నిలువుగా లేచేది ముల్లు. పైన పట్టుకునే రెండు కాళ్ల పిడి మధ్యలోకి ముల్లు సరిగ్గా వస్తే తూకం కుదిరినట్టు. పళ్లేనికి ‘సిబ్బి’ అన్నది పాత మాట, నాకు ఇష్టం కూడా. కానీ ఇక్కడ వద్దు. అంచున దారాలకు చిల్లులున్న పళ్లెం పక్కన సిబ్బి అని రాస్తే గంజి వార్చే సిబ్బి అనుకుంటారు. ‘త్రాసు చిప్ప’ అనండి. దారాలు మట్టిలో కుళ్లిపోతాయి గనుక, అంచున సమదూరంలో ఉన్న ఆ చిల్లులే అది మామూలు గిన్నె కాదని చెప్పే ఆధారం. వాటిని వివరణలో తప్పక రాయండి.

ఇంకొకరు: ఒక్క మాట, వైకింగుల తూనిక కొలతల పేర్ల గురించి. 1 మార్కు 8 ఎయ్రిర్లు, 1 ఎయ్రిర్ 3 ఎర్టుగ్‌లు. ఎయ్రిర్‌ను ‘తులం’ అని మార్చవద్దు. అది సుమారు 24 నుంచి 27 గ్రాములు, మన తులం 11.66. అక్కడి పేర్లే ఉంచి, పక్కన గ్రాములు వేయండి.