పోలీసుల మీద ఇచ్చిన ఫిర్యాదు తిరిగి ఆ స్టేషన్‌కే వస్తే, జిల్లాలో ఇంకెవరిని అడగాలి?

ప్రశ్న: వంశధార రైతుబిడ్డ, నరసన్నపేట

పెద్దలకు నమస్కారం. మా పెదనాన్నగారికి అరవై మూడేళ్లు. పొలం గట్టు విషయంలో పక్క రైతుతో కొంతకాలంగా తగాదా ఉంది. అది సివిల్ కోర్టులో తేలవలసిన విషయమే తప్ప, అందులో కొట్లాట గాని, నమోదైన కేసు గాని లేవు. అయినప్పటికీ ఒక స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చి, ఎస్సైగారు రమ్మన్నారని చెప్పి ఆయనను తీసుకువెళ్లారు. పొద్దుగూకే దాకా బల్ల మీద కూర్చోబెట్టి, రాజీకి ఒప్పుకున్నట్టు రాసిన కాగితం మీద సంతకం చేయించుకుని పంపించారు. ఆ కాగితం నకలు ఇవ్వలేదు.

సోమవారం నాడు ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాము. తరువాత ఏమైందంటే, ఆ అర్జీ మెట్లు దిగి సరిగ్గా ఆ స్టేషన్‌కే చేరింది. వచ్చి వాంగ్మూలం ఇవ్వమని ఫోన్ చేసినది కూడా ఆ స్టేషన్ వారే. పెదనాన్నగారు ఇక వద్దంటున్నారు.

సోంపేటలో 2010 జూలై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న థర్మల్ కేంద్రాలు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయిన జిల్లా మాది. అంత పెద్ద విషయాలతో మా గట్టు తగాదాను పోల్చను. కానీ పోలీసులు చేసిన పనిని పోలీసు శాఖకు బయట ఉన్నవారు విచారించే ఏర్పాటు చట్టంలో ఎక్కడైనా ఉన్నదా, ఉంటే శ్రీకాకుళంలో ఎవరి గుమ్మం తొక్కాలి అన్నది నా ప్రశ్న.

జవాబు: విశ్రాంత కోర్టు ఉద్యోగి, శ్రీకాకుళం

ఉన్నది, కనీసం తీర్పులో ఉన్నది. పోలీసు సంస్కరణల మీద నడిచిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఇచ్చిన ఆదేశాలలో పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ ఒకటి. దానికి రెండు అంచెలు ఉండాలన్నారు. జిల్లా స్థాయి సంస్థకు విశ్రాంత జిల్లా న్యాయమూర్తి అధ్యక్షత వహించాలి, డీఎస్పీ హోదా వరకు ఉన్న అధికారుల మీద ఫిర్యాదులు అక్కడికి వెళ్లాలి. ఎస్పీ, ఆపై హోదా వారి మీద ఫిర్యాదులను హైకోర్టు లేదా సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి నాయకత్వంలోని రాష్ట్ర సంస్థ చూడాలి. రాష్ట్ర సంస్థ పరిధి కస్టడీ మరణం, తీవ్ర గాయం, అత్యాచారం వంటి ఘోరాలకు పరిమితం కాగా, జిల్లా సంస్థ వాటితో పాటు డబ్బు గుంజడం, భూములు ఇళ్లు కాజేయడం, అధికారాన్ని తీవ్రంగా దుర్వినియోగం చేయడం వంటి ఆరోపణలను కూడా విచారించవచ్చు. మీ పెదనాన్నగారి విషయాన్ని ఈ చివరి మాట కిందకు తేవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఈ సంస్థలు శాఖాపరమైన చర్య గాని, క్రిమినల్ చర్య గాని తీసుకోమని చేసే సిఫార్సు సంబంధిత అధికారులు పాటించి తీరవలసినదని కోర్టు స్పష్టంగా చెప్పింది. మానవ హక్కుల కమిషన్ సిఫార్సుకు ఆ బలం లేదు. బహుశా అందువల్లనే కాబోలు, ఈ సంస్థకు ఊపిరి పోయడంలో ప్రభుత్వాలకు, రంగు ఏదైనా సరే, అంత తొందర కనిపించలేదు. మన రాష్ట్ర స్థాయి సంస్థకు 2021లో జరిగిన అధ్యక్ష నియామకాన్ని హైకోర్టు నిలిపివేయవలసి వచ్చిందంటే, ఆ పదవిని ఎంత శ్రద్ధతో నింపారో మీరే ఊహించండి.

మీరు చేయగలిగిన పని ఒకటి చెబుతాను. హోం శాఖకు, కలెక్టరేట్‌కు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. శ్రీకాకుళం జిల్లా పోలీసు ఫిర్యాదుల సంస్థ అధ్యక్షులు ఎవరు, కార్యాలయం ఎక్కడ, గత ఆర్థిక సంవత్సరంలో ఎన్ని ఫిర్యాదులు తీసుకున్నారు అని మాత్రమే అడగండి. ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు ఏదైనా మీకు ఉపయోగమే, ఎందుకంటే సంస్థ లేదని రాతపూర్వకంగా వస్తే హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వం తన విధి చేసేలా ఆదేశించమని కోరే పిటిషన్, వేసేవారికి అదే మొదటి కాగితం అవుతుంది.

జవాబు: న్యాయవాది, విజయనగరం

మాస్టారు చెప్పినది పునాది వంటిది. అయితే రిట్ దాకా వెళ్లే లోపు మీ చేతిలో నుంచి జారిపోగల సాక్ష్యం ఒకటి ఉన్నది, దాని గురించి ముందుగా రాస్తాను.

పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న దేశంలోని ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ సీసీ కెమెరాలు పెట్టాలని ఆదేశించింది. గేటు, లాకప్, వరండా, రిసెప్షన్ మాత్రమే కాదు, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్సై గది కూడా ఆ జాబితాలో పేరు పెట్టి ఉన్నాయి. కనుక ఎస్సైగారి గదిలో కెమెరా ఉండదు అనే మాట చెల్లదు. మాటలు కూడా రికార్డు కావాలి, దృశ్యాలను పద్దెనిమిది నెలల పాటు భద్రపరచడానికి ప్రయత్నించాలి, ఆ సామర్థ్యం లేకపోయినా ఒక ఏడాదికి తగ్గకూడదు. స్టేషన్ గుమ్మం దగ్గర తెలుగులో పెద్ద పోస్టరు ఉండాలి. హక్కులకు భంగం కలిగితే మానవ హక్కుల కమిషన్‌కు, మానవ హక్కుల కోర్టుకు, ఎస్పీకి ఫిర్యాదు చేయవచ్చునని, ఆ దృశ్యాలను భద్రపరచమని అడిగే హక్కు బాధితునికి ఉన్నదని అందులో రాసి ఉండాలి. నేను పని మీద వెళ్లే స్టేషన్లలో ఈ పోస్టరు కోసం చూస్తూ ఉంటాను. రోడ్డు భద్రత బోర్డులు మాత్రం చక్కగా కనిపిస్తాయి.

ఇక మీ అసలు ప్రశ్న, శాఖకు బయటి మనిషి ఎవరు అన్నది. అదే తీర్పు జిల్లా స్థాయిలో ఒక పర్యవేక్షణ కమిటీని పెట్టింది. అందులో కలెక్టరు, ఎస్పీలతో పాటు జిల్లాలోని ఏదైనా ఒక మునిసిపాలిటీ మేయరు గాని, గ్రామీణ ప్రాంతమైతే జిల్లా పరిషత్ అధిపతి గాని ఉండాలి. కెమెరాలు పనిచేస్తున్నాయో లేదో చూడటంతో వారి పని అయిపోదు. ఎవరూ ఫిర్యాదు చేయని హక్కుల ఉల్లంఘనలు ఏమైనా జరిగాయా అని దృశ్యాలను తిరగేసి చూడవలసిన బాధ్యత కూడా వారిదే. జనం ఓటుతో గెలిచిన మనిషికి స్టేషన్ లోపల ఏమి జరిగిందో చూసే అధికారం ఉన్నదన్న సంగతి మన జిల్లాలలో ఎంతమందికి తెలుసు? మీ లేఖను ఆ కమిటీకి, అంటే కలెక్టరుగారికి, జిల్లా పరిషత్‌కు విడివిడిగా, తేదీ, సమయం, స్టేషన్ పేరు రాసి, ఫలానా రోజు దృశ్యాలను చెరిపివేయకుండా భద్రపరచమని కోరుతూ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. సంతకం తన ఇష్టంతో చేయలేదని పెదనాన్నగారు అదే లేఖలో ఒక వాక్యం రాయాలి.

మరొక విషయం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం, దర్యాప్తులో సాక్షిగా పిలవాలంటే రాతపూర్వకమైన ఉత్తర్వు ఉండాలి, అరవై ఏళ్లు దాటిన పురుషులను వారు నివసించే చోటనే విచారించాలి తప్ప స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టరాదు. దీనికి ముందున్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఈ వయసు అరవై అయిదు. మీ విషయంలో కేసే లేదు కాబట్టి పిలవడానికి ఆధారమే లేదు, ఒకవేళ ఉన్నా వారే మీ ఇంటికి రావలసింది.

జవాబు: విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, బొబ్బిలి

నేను ఖాకీ వేసుకుని బతికినవాడిని కాబట్టి నా మాటను ఆ మేరకు తగ్గించుకుని చదవండి. ఆ ఎస్సై చేసినది తప్పు. అయితే గట్టు తగాదాలో ఎస్సై తలదూర్చడానికి తొంభై పాళ్లు కారణం ఎక్కడి నుంచో వచ్చిన ఫోన్. వినకపోతే నెల తిరిగే లోపు బదిలీ. పిల్లల బడి, అద్దె ఇల్లు, ముసలి తల్లిదండ్రులు అన్నీ ఆ బదిలీతో కదులుతాయి. పైన మాస్టారు చెప్పిన తీర్పులోనే స్టేషన్ అధికారికి, ఎస్పీకి కనీసం రెండేళ్లు ఒకచోట ఉండే హామీ ఇవ్వాలని, డీఎస్పీ వరకు బదిలీలను పోలీసు అధికారులే ఉన్న బోర్డు నిర్ణయించాలని, దర్యాప్తును శాంతిభద్రతల నుంచి వేరు చేయాలని కూడా ఉన్నది. అందరూ ఫిర్యాదుల సంస్థ గురించి మాట్లాడతారు, ఈ మిగిలినవి ఎవరికీ గుర్తుండవు.

న్యాయవాదిగారు జిల్లా పరిషత్ అధిపతి ఉన్న కమిటీని సూచించారు. ఆ ఫోన్ చేసినవారి పార్టీయే జిల్లా పరిషత్‌లోనూ ఉంటే ఆ కమిటీ ఎవరి మీద నిఘా పెడుతుంది? బయటివాడు అయినంత మాత్రాన నిష్పక్షపాతి కాడు బాబూ.

జవాబు: న్యాయవాది, విజయనగరం

మీరన్న ప్రమాదం నిజమే. అందుకే ఫిర్యాదుల సంస్థ సభ్యులను మానవ హక్కుల కమిషన్, లోకాయుక్త, పబ్లిక్ సర్వీస్ కమిషన్ తయారు చేసిన పేర్ల జాబితాలో నుంచి ఎంచుకోవచ్చునని కోర్టు సూచించింది. కెమెరాల కమిటీకి ఆ జాగ్రత్త లేదు. అయినప్పటికీ అక్కడికి లేఖ పంపమంటున్నది న్యాయం చేస్తారన్న నమ్మకంతో కాదు, దృశ్యాలు భద్రపరచమని ఫలానా తేదీన అడిగామన్న రుజువు కోసం. లేఖ అందిన తరువాత కూడా అవి మాయమైతే, జవాబు చెప్పుకోవలసినవారు స్టేషన్‌లో ఒక్కరే ఉండరు.

జవాబు: రాజాం నుంచి అమెరికా

ఇక్కడి అనుభవం క్లుప్తంగా. న్యూయార్క్‌లో పోలీసుల మీద ఫిర్యాదులను విచారించే బోర్డులో 1993 నుంచి అందరూ పౌరులే, సొంత దర్యాప్తు సిబ్బంది కూడా ఉన్నారు. కానీ శిక్షపై తుది మాట పోలీసు కమిషనరుదే కావడంతో బోర్డు సిఫార్సు పక్కన పడిన సందర్భాలు ఉన్నాయి. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో 2016లో ఓటర్లు నేరుగా ఆమోదించిన పోలీసు కమిషన్‌కు మేయరుతో కలిసి పోలీసు అధిపతినే తొలగించే అధికారం ఉన్నది, 2020లో దానిని వాడారు కూడా. మాస్టారు చెప్పినట్టు సిఫార్సును పాటించి తీరవలసినదేనా అన్న దగ్గరే తేడా అంతా వస్తోంది. సొంత దర్యాప్తు సిబ్బంది లేని సంస్థకు ఎంత పెద్ద న్యాయమూర్తిని పెట్టినా, ఆయన కూడా నివేదిక కోసం డీఎస్పీనే అడగవలసి వస్తుంది.

వంశధార రైతుబిడ్డ, నరసన్నపేట

అందరికీ కృతజ్ఞతలు. లేఖలు ఈ వారమే పంపుతాము. పెదనాన్నగారిని ఒప్పించడం నా పని. ఒక్క సందేహం: రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కార్యాలయం కర్నూలులో ఉన్నది, అంత దూరం ఆయనను తిప్పలేము. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత కూడా లేదు.

జవాబు: న్యాయవాది, విజయనగరం

కమిషన్‌కు ఫిర్యాదు పోస్టులో పంపవచ్చు, స్వయంగా వెళ్లనక్కరలేదు, న్యాయవాది కూడా అవసరం లేదు. కాకపోతే ఘటన జరిగిన ఏడాది లోపు పంపాలి, ఆ గడువు దాటితే తీసుకోరు. శ్రీకాకుళం కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. ఉచిత న్యాయ సహాయానికి ఎవరు అర్హులో, ఏయే కాగితాలు కావాలో 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. వెళ్లేటప్పుడు సోమవారం ఇచ్చిన అర్జీ రసీదు, స్టేషన్ నుంచి ఫోన్ వచ్చిన నంబరు, సమయం రాసుకుని తీసుకువెళ్లండి.